కోసేసిన రేకు

కువైట్‌లోని ఫహాహీల్‌లో మేం అద్దెకుండే పాత అరబ్బు ఇంటికి ఒక మూల రేకుల నీడ ఉంది. దాని కింద కొన్నేళ్లపాటు మా కారు ఉండేది. జపాన్‌లో తయారైన రెండు తలుపుల బండి. పొడుగాటి బోనెట్, దాని కింద వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజను. నా పెళ్లినాటికే అలాంటివి పాతబడిపోయాయి. అది పరుగు కోసమే చేసిన బండి. సామాన్లు మోయడానికో పిల్లల్ని బడికి దింపడానికో పనికొచ్చే రకం కాదు. ఇప్పుడు ఆ నీడలో ఇంటి కాపలా చూసే హారిస్ తన సైకిల్ పెట్టుకుంటున్నాడు.

మా ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌కీపరు. ఆయన పై ఆఫీసరు కువైటీ. ఆ ఆఫీసరు తండ్రి పోయాక పాత ఇల్లు ఖాళీ చేస్తూ, ఆవరణలో దుమ్ము కింద పడున్న కారుని చూపించి, కావాలంటే తీసుకుపో, ఖలాస్ అన్నాడట. మా ఆయన వద్దనబోయి, నేను గుర్తొచ్చి ఆగారట. దఫ్తర్, అంటే బండి కాగితం, మా ఆయన పేరుకి మారింది. దాని గడువు ఆ తర్వాత తీరిపోయింది. బండి బాగుచేసుకుని తనిఖీకి తీసుకెళ్లాలి. కాగితంలో ఉన్న నంబరూ బండి రేకు మీద కొట్టి ఉన్న నంబరూ ఒకటేనని అక్కడివాళ్లు సరిచూసుకోవాలి. అప్పుడే అది మళ్లీ రోడ్డెక్కుతుంది. ఇదంతా మాకు మొదటి రోజే తెలుసు.

రికవరీ లారీ మీంచి దాన్ని దించిన సాయంత్రం, ఎలకలు కొరికేసిన సీట్ల పక్కన నిలబడి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నాకది అలవాటు. నీళ్లొస్తే స్తోత్రం, కరెంటొస్తే స్తోత్రం. మా ఆయన నవ్వుతారు గానీ ఆపరు.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు మోకాళ్లు వాచి నడవలేకపోయేదాన్ని. మా అమ్మ బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. కీర్తనలు చదవడం వచ్చాకే నాకు క్యాలెండరు చదవడం వచ్చింది. అమ్మకి పనులున్న రోజుల్లో నాన్న నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని రావులపాలెంలో తన టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లేవాడు. సొట్టలు తీయడం, తుప్పు గీకడం, పుట్టీ పట్టించి ఎమరీ కాగితంతో రుద్దడం చూస్తూ పెరిగాను. చూస్తూ చూస్తూ చేతిలోకి సుత్తి వచ్చింది. మోకాళ్లు బాగయ్యాక కూడా బడి మాట ఎవరూ ఎత్తలేదు. అందుకు నాకు కోపం లేదు. నాన్న షెడ్డులో ఒకే ఒక్క నియమం ఉండేది: కోసే ముందు తుడిచి చూడాలి. తుప్పు కింద ఏముందో తెలియకుండా కటింగ్ మిషన్ ఆన్ చేసిన పనివాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేసేవాడు.

కువైట్ ఎండకి ముందు పోయేది ఇనుము కాదు, రబ్బరు. తలుపుల అంచుల్లో ఉండే రబ్బరు పట్టీలు చేత్తో ముట్టుకుంటే నల్లటి పొడి అయిపోయాయి. డాష్‌బోర్డు అప్పడంలా పగిలింది. ఊరి మధ్యలో ఉన్న బండికి అంతటితో సరి. ఇది సముద్రం పక్క ఇంట్లో నిలిచిన బండి కాబట్టి, తేమ ఎక్కువగా ఉండే రోజుల్లో ఉప్పు గాలి రేకుల మడతల్లోకి దూరి కూర్చుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు పగటిపూట ఇనుము ముట్టుకోలేం. తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక, ఎండ గోడ దిగేలోపు, అదే నా పని వేళ. మిగతా పగలంతా లోపల ఏసీ గదిలో జాకెట్లు కుట్టేదాన్ని. సీట్లు కూడా అక్కడే కుట్టాను. పాత గుడ్డ కుట్లు విప్పి, దాన్నే నమూనాగా పరిచి, అదే కొలతకి కొత్తది కత్తిరించాను. నా మిషన్ సూది ఆ మందానికి విరిగిపోతుంటే, సీటు కవర్లు కుట్టే ఒక పాకిస్తానీ పెద్దాయన తన పెద్ద మిషన్ మీద కుట్టుకోనిచ్చాడు. బదులుగా వాళ్లావిడకి రెండు జతలు కుట్టిపెట్టాను.

ఈ పనిలో ఏముందని అడిగే ఆడవాళ్లు చాలామంది. నాకు తోచింది ఇది. ఎవరో, ఎక్కడో, ఈ బండిని ఒక ఆలోచనతో చేశారు. ఈ బోల్టు ఇక్కడే ఎందుకు పెట్టారు, ఈ వంపు ఇక్కడే ఎందుకు తిప్పారు అన్నది విప్పుతుంటే అర్థమవుతుంది. అర్థమయ్యాక దాన్ని చెడగొట్టబుద్ధి కాదు. అలాగని మార్చడం పాపమని నేననను. ఇక్కడి ఎండకి తట్టుకోవాలని రేడియేటరు పెద్దది వేయించింది నేనే. బ్రేకులు కూడా మంచివి వేయించాను. ఏం మార్చినా పాతది దాచిపెట్టేదాన్ని. కావాలంటే రేపు తిరిగి బిగించుకోవచ్చు. కోసేస్తే మాత్రం వెనక్కి దారి లేదు.

మా మరిది దీనికి పూర్తిగా ఎదురు. అతను షువైఖ్‌లో ఒక గ్యారేజీలో పనిచేస్తాడు. కుర్రకారు తెచ్చే బండ్లకి టర్బోలు ఎక్కించడం, చక్రాల మీది రేకులు కోసి వెడల్పు చేయడం, సైలెన్సర్లు మార్చి చప్పుడు పెంచడం అతని పని. మంచి చెయ్యి, నాకంటే చాలా వేగం. అతను తయారుచేసే బండ్లు చాలావరకు రోడ్డు మీదికి రావు. ట్రాకు మీద పరిగెత్తి, మళ్లీ లారీ ఎక్కి ఇంటికి పోతాయి. వాటికి నంబరుందా లేదా అని చూసేవాడే ఉండడు. శుక్రవారం ప్రార్థన కూటానికి మా ఇంటికి వచ్చినప్పుడల్లా, కూటం అవగానే ఆవరణలోకి వెళ్లి మా బండి చుట్టూ తిరిగేవాడు.

“వదినా, నువ్వు శవానికి సెంటు పూస్తన్నావు. ఒక్క నెల నాకొదిలెయ్, లేపి పరిగెట్టిస్తాను” అనేవాడు.

“నీ బండ్లు ముందు అరుస్తాయి, తరవాత కదుల్తాయి అబ్బాయ్. నాకొద్దులే” అనేదాన్ని.

“అరవకపోతే బండేంటొదినా, ఫ్రిజ్జు” అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నిజంగానే నవ్వేవాళ్లం.

ఇంజను మొదటిసారి అందుకున్న ఉదయం అతను కూడా ఉన్నాడు. ముందు రెండు మూడు సిలిండర్లు దగ్గి, తరవాత ఆరూ కలిసి ఒకటే సన్నని గొంతు అయ్యాయి. నేను ఏడ్చాను. అమ్మాయి పుట్టినప్పుడు కూడా నువ్వింత ఏడవలేదే అన్నారు మా ఆయన. నాకు లైసెన్సు లేదు, ఇక్కడి నిబంధనల్లో మాలాంటి వాళ్లకి వచ్చే దారీ లేదు. నేను కోరుకున్నది ఒక్కటే. చలికాలంలో ఒకసారి ఆయన పక్క సీట్లో కూర్చుని, తీరం రోడ్డు పట్టుకుని సాల్మియా దాకా వెళ్లి రావాలి. అంతకు మించి ఏ ఆశా దాని మీద పెట్టుకోలేదు.

ఇంక మిగిలింది ఒక్క రేకు. ఇంజనుకీ మనుషులు కూర్చునే గదికీ మధ్య అడ్డుగోడలా ఒక రేకు ఉంటుంది. మా బండి నంబరు కొట్టి ఉన్నది దాని మీదే. కంపెనీవాళ్లు రివిట్లతో బిగించిన చిన్న బిళ్ల కూడా దాని మీదే. ఆ రేకుకి అంచుల వెంబడి తుప్పు తిన్నది. అంకెల దాకా ఇంకా రాలేదు, కానీ బెత్తెడు దూరంలోకి వచ్చేసింది. అందుకే దాన్ని చివరికి ఆపుకున్నాను. తుప్పు దాటకుండా అంకెల మీదా బిళ్ల మీదా గ్రీజు దట్టంగా పూసి, పైన గుడ్డ టేపు అంటించి, దాని మీద ప్రైమర్ కొట్టి పెట్టాను. చూసేవాళ్లకి, మా ఆయనకి కూడా, అదొక మురికి అతుకులా ఉంటుంది. అంకెలున్న మేర అలాగే నిలబెట్టి, చుట్టూ కుళ్లింది మాత్రం కొంచెం కొంచెంగా తీసి కొత్త ముక్కలు అతకాలి. గోరంత గోరంత చేయాల్సిన పని. చలికాలం రాగానే మొదలుపెడదామనుకున్నాను.

ఈలోపు మా అక్క కూతురి పెళ్లికి ఊరు వెళ్లాను.

తిరిగొచ్చిన వారం శుక్రవారం కూటం మా ఇంట్లోనే. ఆ రోజు కూటంలో ఏదో ఉత్సాహం కనిపించింది. మా తోడికోడలు, అంటే మరిది భార్య, మాటిమాటికీ నన్ను చూసి నవ్వుతోంది. చివర్లో ఎవరికి జరిగిన మేలు వాళ్లు లేచి చెప్పుకుని కృతజ్ఞత చెల్లించడం మా కూటంలో వాడుక. ఆమె లేచి, అక్కయ్య లేనప్పుడు తన భర్త సెలవు రోజుల్లో కూడా విశ్రాంతి లేకుండా ఒక ప్రేమ కార్యం చేశాడు, అందుకు దేవునికి వందనాలు అంది. తరవాత కూటం నడిపే పాస్టరు అయ్యగారితో సహా అందరినీ ఆవరణలోకి నడిపించారు. మరిది గుడ్డ తీసి బోనెట్ ఎత్తాడు.

లోపల అద్దంలా మెరుస్తోంది. తుప్పన్నది లేదు. అడ్డు రేకంతా కొత్తది, నున్నగా, బండి రంగులోనే వేసిన తాజా మెరూన్ రంగు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు తీసి ఫొటోలు తీశారు.

“అమ్ఘరా స్క్రాపులో ఇదే మోడల్ దొరికిందొదినా. రేకు బంగారంలాగుంది. మొత్తం కోసి తెచ్చి అతికేసేను. నువ్వు మూణ్ణెల్లు గోకుదామనుకున్నది, మూడు శుక్రవారాల్లో అయిపోయింది” అన్నాడు మరిది. ముఖం వెలిగిపోతోంది. చేతుల మీద వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

నేను వంగి, నంబరుండాల్సిన చోట వేళ్లతో తడిమాను. రంగు కింద అంకెలు తగిలాయి. మావి కావు. ఎవరిదో చచ్చిపోయిన కారు నంబరు.

అయ్యగారు నా పక్కకి వచ్చి, “స్తోత్రం చెప్పమ్మా, మంచి మరిదినిచ్చాడు దేవుడు” అన్నారు. అందరూ తలలు వంచారు. నేను ప్రయాణం క్షేమంగా జరిగినందుకు చెప్పాను, పెళ్లి బాగా జరిగినందుకు చెప్పాను, కూటానికి వచ్చిన అందరి కోసం చెప్పాను. ఆమెన్ అనేశాను. బండి మాట అందులో లేదని మా తోడికోడలు గమనించింది.

అందరూ వెళ్లాక అడిగాను, పాత రేకు ఏదని.

“ఆ తుప్పు ముక్కా? ఇంకెందుకొదినా. స్క్రాపోడి లారీ వస్తే ఎత్తేసేను.”

“దాని మీద టేపు ఉండాలి కదా. తీసి చూశావా?”

“చిల్లుకి నువ్వేసిన అతుకు కదా అది. చూసేదేముంది.”

అప్పుడు చెప్పాను. అతని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ ఒక్క క్షణానికి నేనతన్ని క్షమించి ఉండేదాన్నేమో. వెంటనే, అయితే నంబరుందని పైన రాయొచ్చుగా వదినా అన్నాడు. ఆ మాట ఆ తర్వాత చాలామంది నోట విన్నాను. పాత బండి పని తెలిసినవాడెవడికీ రాసి చెప్పక్కర్లేదు. అంకెలెక్కడున్నాయో ముందు వెతుక్కుంటాడు, తరవాతే కోసే మాట.

మర్నాడు మా ఆయన, మరిది స్క్రాపుకి వెళ్లారు. ఆ లారీ లోడు అప్పటికే మిషన్లో నలిగి దిమ్మలైపోయింది. అలాంటి దిమ్మలు కొండంత ఉన్నాయట.

వచ్చి కూర్చున్నాక మరిది ఉపాయం చెప్పాడు. గ్యారేజీలో అంకెలు కొట్టే పంచ్‌ల సెట్టు ఉందట. కొత్త రేకు మీది నంబరు గ్రైండర్‌తో చెరిపేసి, దఫ్తర్‌లో ఉన్న నంబరే కొట్టేస్తే సరి.

“అరగంట పనొదినా. ఎవుడూ కనిపెట్టలేడు. అది మీ నంబరే కదా, ఎవుడి సొమ్మూ కాదు.”

మా ఆయన నా వైపు చూశారు. వద్దనమనో, సరేననమనో తెలియలేదు.

“ఆ రేకు మీద దొంగ నంబరు కొట్టించి, శుక్రవారం అదే చేత్తో ప్రభువు రొట్టె తీసుకోలేనండి” అన్నాను.

“కొట్టకపోతే బండి పోద్దే” అన్నారాయన మెల్లగా.

“తెలుసండి.”

మరిది లేచిపోయాడు. మీరిద్దరూ నాకంటే పరిశుద్ధులులే అని గుమ్మం దగ్గర గొణిగాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నాకు తోచింది. తనిఖీకి తీసుకెళ్లి, పొరపాటున రేకు మార్చామని ఒప్పుకుంటే ఏదో దారి చూపిస్తారేమో. మా ఆయన తన కంపెనీలో కాగితాల పని చూసే మందూబ్‌ని అడిగారు. మంచి మనిషి, ఈజిప్టువాడు. ఆయన అన్నది మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు. నంబరు తేడా వస్తే ముందు అడిగేది ఎవరు కోశారు, ఎక్కడ కోశారు అనేనట. కోసింది మా మరిది. అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఉన్నది వీసా ఇచ్చిన ఒక క్లీనింగ్ కంపెనీ కఫీల్ పేరు మీద, పనిచేస్తున్నది గ్యారేజీలో. అది బయటపడిన రోజు అతన్నీ, అతని భార్యాబిడ్డల్నీ ఊరికి ఎక్కించేస్తారు. తిరిగి రానివ్వరు.

అబద్ధం కొట్టించలేను. నిజం చెప్తే మరిది ఇల్లు కూలిపోతుంది. మూడోది ఒక్కటే మిగిలింది, నోరు మూసుకుని బండిని వదులుకోవడం. ఆ సంగతి మరిదికి వివరంగా చెప్పొద్దని మా ఆయన్ని నేనే బతిమాలాను. చెప్తే, వాడి కోసం మనం త్యాగం చేశామని వాడి నెత్తిన పెట్టినట్టు ఉంటుందనుకున్నాను. అంత మంచితనం చూపించుకోవడం ఎందుకన్నది అప్పటి నా ఆలోచన. ఇప్పుడైతే చెప్పేయమనేదాన్ని.

చెప్పకపోవడం వల్ల జరిగింది ఏమిటంటే, మా వాళ్లందరికీ కథ వేరేగా అర్థమైంది. మరిది చేతులు కాల్చుకుని బండిని బంగారం చేశాడు, వదినకి నచ్చలేదు, పట్టుదలకి పోయి నంబరు కొట్టించుకోనివ్వలేదు, తనిఖీకీ తీసుకెళ్లలేదు. మా తోడికోడలు రిగ్గైలో ఎవరింట్లోనో అందట: “పిల్లి తుమ్మితే స్తోత్రమంటది మా అక్కయ్య. మా ఆయనకి ఒక్క థాంక్స్ అనడానికి మాత్రం నోరు రాలేదు.” ఆ మాట నా దాకా చేర్చినావిడ, నేనేమంటానో చూద్దామని కాసేపు నిలబడింది. టీ పెట్టి ఇచ్చాను.

ఇంటి యజమాని కాగితం లేని బండి తన ఆవరణలో ఉండకూడదన్నాడు. కాబట్టి విప్పడం మొదలుపెట్టాను. బిగించినది నేను కాబట్టి విప్పడం కష్టం కాలేదు. సీట్లు ఒక మలయాళీ కుర్రాడు పట్టుకెళ్లాడు. తన బండికి సరిపడేలా పక్కలు కత్తిరించుకుంటానన్నాడు, కత్తిరించుకోమన్నాను. రేడియేటరు, బ్రేకులు, అద్దాలు తలా ఒకరు తీసుకున్నారు. తలుపుల రబ్బరు పట్టీలు, ఎక్కడెక్కడో వెతికి తెప్పించినవి, ఎవరికీ అక్కర్లేదు. అవి విప్పేటప్పుడే కొన్ని తెగిపోయాయి.

ఇంజను కోసం మరిదే వచ్చాడు. కూటానికి రావడం మానేశాక అదే రావడం. ట్రాకు బండి చేయించుకుంటున్న ఒకతనికి సరిగ్గా ఇలాంటిదే కావాలట. ఇద్దరం కలిసి విప్పాం. అతను పైన, నేను కింద. ఇంతకాలం తర్వాత కూడా ఏ బోల్టు ముందో చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. గొలుసు వేసి పైకి లాగుతున్నప్పుడు అతను అన్నాడు:

“ఆ రోజు కొట్టించేసి ఉంటే, ఈపాటికి సాల్మియా దాకా పదిసార్లు వెళ్లొచ్చేవోళ్లు వదినా.”

నీ ఇఖామా గురించి అనబోయాను. గొలుసుకి వేలాడుతున్న ఇంజను మెల్లగా పక్కకి తిరుగుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపాను. “జాగ్రత్తగా దించు, కింద ఆయిలు గిన్నెకి దెబ్బ తగులుద్ది” అన్నాను. అతను జాగ్రత్తగానే దించాడు. లారీ ఎక్కించుకుని వెళ్లాడు.

మిగిలిన డొల్లని ఏం చేయాలో మా ఆయన మందూబ్‌తో మాట్లాడుకున్నారు. నేను అడగలేదు. ఒక ఉదయం లారీ వచ్చింది, అంతే. మెరూన్ రంగు రేకు ఎండలో ఇంకా కొత్తగానే ఉంది.

ఆ శుక్రవారం కూటంలో అందరూ ఒక్కొక్కరే లేచి కృతజ్ఞత చెప్పారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. బండినిచ్చినందుకు, ఇన్నాళ్లు నా చేతుల్లో ఉంచినందుకు, ఎవరి ఇల్లూ కూలకుండా కాపాడినందుకు అని లోపల వరసగా పేర్చుకున్నాను. అన్నీ నిజాలే. నోటిదాకా వచ్చి ఒక్కటీ నాది కాలేదు. మనసులో లేని స్తోత్రం పైకి చెప్తే, దానికీ పంచ్‌తో కొట్టిన అంకెలకీ తేడా ఏముంటుందనిపించింది. ఈ రోజుకి నా దగ్గర ఏమీ లేదయ్యగారూ అని కూర్చున్నాను. మా ఆయన పాటల పుస్తకం తెరిచి, పేజీ నా వైపు తిప్పారు.